మామూలు హోస్టాల తరఫున ఒక మాట (ఫ్రాన్సీ, హాల్సియన్ వగైరా)

పెరటితోట_ఎన్‌జె (న్యూజెర్సీ, చలి లెక్కలో జోన్ 7; అంకె తగ్గేకొద్దీ చలి ఎక్కువ)

ఈ మధ్య ఇక్కడ హోస్టా (ఆకుల అందం కోసం నీడలో పెంచే మొక్క) అంటే చాలు, కొత్త రకాల ఫోటోలే కనిపిస్తున్నాయి. ఎర్ర కాడలు, అలలు తిరిగిన అంచులు, మొక్క ఒక్కోటి యాభై అరవై డాలర్లు. కొనేవాళ్లను వద్దనడం లేదు. కానీ కొత్తగా ఇల్లు కొనుక్కుని, ఉత్తరం గోడ పక్కన గడ్డి కూడా పట్టని చోట ఏం వెయ్యాలా అని అడగడానికి వచ్చినవాళ్లు ఆ ఫోటోలు, ఆ ధరలు చూసి అడక్కుండానే వెళ్లిపోతున్నారు. అందుకని మామూలు రకాల గురించి ఒక చర్చ పెడదామనిపించింది.

నా ఓటు ఫ్రాన్సీకి. ముదురాకుపచ్చ ఆకు, చుట్టూ సన్నని తెల్ల అంచు. 1970లలో మిన్నీ క్లాపింగ్ అనే ఆవిడ తోట నుంచి వచ్చిన రకం. డెంటిస్టు ఆఫీసు ముందు, చర్చి మెట్ల పక్కన, అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఎక్కడ చూసినా ఇదే. అందుకే చాలామందికి చులకన. కానీ ఆ పార్కింగ్ సంగతి ఒక్కసారి ఆలోచించండి. ఎవరూ నీళ్లు పొయ్యరు. చలికాలంలో ఉప్పు కలిసిన మంచునంతా తోసి దాని నెత్తినే పోస్తారు. అయినా మే నెలకల్లా మళ్లీ గుబురుగా నిలబడుతుంది. దానికంటే పెద్ద పరీక్ష ఏ నర్సరీవాళ్లు పెడతారు?

మీ దగ్గర ఏళ్ల తరబడి గొడవ పెట్టకుండా ఉన్న రకాలు ఏవో చెప్పండి. ఫోటో లేకపోయినా ఫర్వాలేదు.


చలిదేశపు_రైతు (మిన్నెసోటా, జోన్ 4)

సమ్ అండ్ సబ్‌స్టెన్స్. ఇంకో మాట లేదు.

ఆకు ఒక్కోటి అడుగున్నర వరకు పెరుగుతుంది, మొక్క ఐదారడుగుల వెడల్పు తిరుగుతుంది. లేత పసుపు, ఆకుపచ్చ కలిసిన రంగు. ఎండ కాస్త ఎక్కువ తగిలితే పసుపు తేలుతుంది, నీడలో ఉంటే పచ్చగానే ఉంటుంది. ఆకు మందం కాబట్టి స్లగ్స్ (గుల్ల లేని నత్తలు) పెద్దగా జోలికి రావు. పాల్ ఏడెన్ 1980లో రిజిస్టర్ చేసిన రకం, 2004లో హోస్టా ఆఫ్ ది ఇయర్ కూడా అయింది. ఇప్పుడు మామూలు స్టోర్‌లో మామూలు ధరకే దొరుకుతుంది.

ఒక్క హెచ్చరిక. కుండీలో చూసి చిన్నదే కదా అని దారి పక్కన పెట్టకండి. నాలుగైదేళ్లకు దారి ఉండదు.


నీలాకు (మిషిగన్, జోన్ 6)

ఎన్‌జె గారూ, ఆ అరవై డాలర్ల బాపతు మనిషిని నేనే కాబట్టి నేనూ మాట్లాడాలి కదా :)

మీరు "మామూలు" అంటున్నవన్నీ ఒకప్పుడు ఖరీదైన కొత్త రకాలే. జూన్ అనే రకం సంగతి చూడండి. నీలం రకం హాల్సియన్‌ను టిష్యూ కల్చర్‌లో (ల్యాబ్‌లో మొక్క ముక్కల నుంచి) పెంచుతుంటే ఇంగ్లండ్‌లో పుట్టిన స్పోర్ట్ అది, అంటే దానంతట అదే మారిన కొత్త రూపం. మధ్యలో పసుపు, అంచున నీలం. వచ్చిన కొత్తలో ఎగబడి కొన్నారు. 2001లో హోస్టా ఆఫ్ ది ఇయర్. ఇప్పుడు ఏ స్టోర్‌లో చూసినా ఉంది. బ్లూ మౌస్ ఇయర్స్ కూడా అంతే, 2008లో దానికి ఆ పేరు వచ్చింది, ఇప్పుడు అందరి గుమ్మాల్లోనూ కనిపిస్తుంది. కొత్తవాటిని ఎవరో ఒకరు డబ్బు పెట్టి కొని చూడకపోతే మీకు రేపటి ఫ్రాన్సీ ఎక్కడినుంచి వస్తుంది?

ఇంకొకటి. అందరి దగ్గరా ఉన్నంతమాత్రాన మంచిదని కాదు. అండులాటా చూడండి, వీధికి నాలుగు ఇళ్లలో ఉంటుంది. మెలికలు తిరిగిన ఆకు, మధ్యలో తెలుపు. వసంతంలో బాగుంటుంది, ఆగస్టుకల్లా అంచులు మాడి చూడబుద్ధి కాదు. పైగా మధ్యలో తెలుపు పోయి పచ్చగా తిరిగిపోతూ ఉంటుంది. ఫ్రాన్సెస్ విలియమ్స్ కూడా అంతే. 1936లో కనెటికట్‌లోని బ్రిస్టల్ నర్సరీస్‌లో ఫ్రాన్సెస్ విలియమ్స్ అనే ఆవిడ కంటబడిన మొక్క, ఏళ్ల తరబడి అభిమానుల ఓట్లలో మొదటి స్థానం. కానీ వసంతంలో ఆ పసుపు అంచు గోధుమరంగుకు మాడడం దానితో పుట్టిన జబ్బు. దీన్ని నమ్మకమైన రకం అంటే నేను ఒప్పుకోను.


పెరటితోట_ఎన్‌జె

నీలాకు గారూ, అండులాటా విషయంలో మీ మాటే నా మాట. ఎక్కడపడితే అక్కడ దొరకడం వేరు, నమ్మకంగా ఉండడం వేరు. రెండూ ఉన్నవాటి గురించే నేను మాట్లాడేది. ఫ్రాన్సెస్ విలియమ్స్‌ను మాత్రం వదులుకోలేను. పొద్దుటి ఎండ కూడా పడని చోట పెడితే మాడడం చాలా తగ్గుతుంది.

కొత్తవి కొని చూసేవాళ్లు ఉండాలి, నిజమే. ఇరవై ఏళ్లు చూశాక మాకు చెప్పండి, అప్పుడు కొనుక్కుంటాం :)


వెల్లుల్లి_వదిన (లీడ్స్, యూకే)

మా ఊళ్లో సమస్య ఎండ కాదు, స్లగ్స్. వాన, తడి, మళ్లీ వాన. ఇక్కడ ఒక హోస్టా జూలై దాకా చిల్లులు లేకుండా ఉందంటే దానికి దండం పెట్టొచ్చు.

మా ఇంట్లో ఆ దండం హాల్సియన్‌కు. వించెస్టర్ దగ్గర హిల్లియర్ నర్సరీలో పనిచేసిన ఎరిక్ స్మిత్ 1961లో చేసిన సంకరంలోంచి వచ్చింది. దాని తల్లిదండ్రులైన హోస్టాల్లో సీబోల్డియానా ఎలిగాన్స్‌లోని నీలం, టార్డిఫ్లోరాలోని చిన్న సైజు రెండూ దీనికి వచ్చాయి. ఆర్‌హెచ్‌ఎస్ (ఇక్కడి రాయల్ హార్టికల్చరల్ సొసైటీ) వాళ్ల అవార్డ్ ఆఫ్ గార్డెన్ మెరిట్ ఉంది. అది లేకపోయినా నేను ఇదే చెప్పేదాన్ని.

నీలం రకాలు పెట్టేవాళ్లకు ఒక సంగతి. ఆ నీలం ఆకు లోపలి రంగు కాదు, పైన ఉండే సన్నని మైనపు పొర. వేలితో గట్టిగా రుద్దితే పోతుంది, కింద పచ్చగానే ఉంటుంది. మధ్యాహ్నపు ఎండకు ఆ పొర కరిగిపోతుంది. అందుకే జూన్‌లో నీలంగా ఉన్నది సెప్టెంబర్‌కు పచ్చబడితే కంగారు పడకండి, మొక్కకు ఏమీ కాలేదు. ఆకుల మీద పైపుతో జోరుగా నీళ్లు కొట్టడం మాత్రం మానండి, పాదులోనే పొయ్యండి.

మెటాల్డిహైడ్ స్లగ్ గుళికలను గ్రేట్ బ్రిటన్‌లో 2022 వసంతం నుంచి ఆరుబయట వాడకుండా నిషేధించారు. ఇప్పుడు ఫెర్రిక్ ఫాస్ఫేట్ గుళికలే గతి. అవి కాక ఇక్కడి హోస్టా పెంపకందారులు చాలామంది వాడే చిట్కా వెల్లుల్లి నీళ్లు. రెండు పెద్ద వెల్లుల్లి గడ్డలు చితక్కొట్టి లీటరు నీళ్లలో ఐదు నిమిషాలు మరిగించి, వడకట్టి, చల్లారాక సీసాలో పోసుకోవడం. ఒకటి రెండు టేబుల్ స్పూన్లు ఐదు లీటర్ల నీళ్లలో కలిపి సాయంత్రం పూట ఆకుల మీద సన్నగా చల్లాలి. వాన పడ్డాక మళ్లీ చల్లాలి. మావారు మాత్రం తోటలోకి వెళ్తే రసం వాసన వస్తోందంటారు.


గుంటూరు_ఘాటు (ఒహాయో, జోన్ 6)

వదినా, ఆ రసంలో కాస్త మిరియాలు కూడా వేస్తే మా జింకలకు కూడా పనికొస్తుంది.

నాకు తెలిసిన సత్యం ఒక్కటే. జింకకు ఫ్రాన్సీ అయినా ఒకటే, నీలాకు గారి అరవై డాలర్లదైనా ఒకటే. రాత్రి వచ్చి కాడలు మాత్రం మిగిల్చి పోతుంది. పది డాలర్ల మొక్క తింటే వేరేలా ఏడుస్తాం కదా, నా లెక్క అది.


చలిదేశపు_రైతు

ఘాటు అన్నా, ఒక్కసారి తింటే మొక్క చావదు, మళ్లీ ఏడాది వస్తుంది. ఏటా తింటే మాత్రం సన్నబడిపోతుంది. కుళ్లిన గుడ్డు వాసన వచ్చే స్ప్రేలు కొట్టాలి, వాన పడ్డప్పుడల్లా మళ్లీ కొట్టాలి. నిజంగా ఆపేది కంచె ఒక్కటే. కంచె కట్టలేకపోతే ఆ చోట జింకలు అంతగా ముట్టని హెలిబోర్, ఫెర్న్ మొక్కలు పెట్టుకుని, హోస్టాలను ఇంటి గోడకు దగ్గరగా తెచ్చుకోవడం మేలు.


కొత్తఇల్లు_పిట్స్‌బర్గ్

నమస్తే అందరికీ. ఎన్‌జె గారు చెప్పిన "అడక్కుండా వెళ్లిపోయే" మనిషిని నేనే, ఈసారి అడుగుతున్నాను. ఇంటి వెనక పెద్ద మేపుల్ చెట్టు, దాని కింద పట్టుమని గంట కూడా ఎండ రాదు. సుమారు 20 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు చోటు. ఒక్కో రకం ఒక్కోటి కొందామని లిస్టు రాసుకున్నాను. సరేనా? ఇంకోటి, మాకు కుక్కపిల్ల ఉంది.


పెరటితోట_ఎన్‌జె

ముందు కుక్కపిల్ల సంగతి. హోస్టాలో సాపోనిన్లు అనే పదార్థాలు ఉంటాయి. కుక్కలు, పిల్లులు తింటే వాంతులు, విరేచనాలు అవుతాయి. నమిలే అలవాటున్న కుక్కపిల్ల అయితే అది పెద్దయ్యేదాకా చిన్న కంచె కట్టండి, లేదా ఈ ఏడాదికి ఆగండి.

ఇక లిస్టు. దయచేసి ఒక్కో రకం ఒక్కోటి కొనకండి. ఆ పద్ధతిలో పెట్టినది నర్సరీ బల్లలా ఉంటుంది తప్ప తోటలా ఉండదు. ఒకే రకం ఐదో ఏడో పక్కపక్కన పెట్టి, మధ్యలో ఒక పెద్దది పెట్టండి. మామూలు రకాల అసలు ఉపయోగం ఇక్కడే. ఫ్రాన్సీ ఏడు మొక్కలు కొనగలరు, కొత్త రకం ఏడు కొనలేరు. ముదురు చెట్టునీడలో ఆ తెల్ల అంచు దూరం నుంచి కూడా కనిపిస్తుంది. ముందు వరుసకు గోల్డెన్ టియారా వెయ్యొచ్చు, చిన్నది, త్వరగా పిలకలు వేస్తుంది. 1977 నాటి రకం, ఇప్పటికీ దాన్ని మించిన అంచు మొక్క నాకు తగల్లేదు.


నీలాకు

ఇక్కడ నేను ఎన్‌జె గారి పక్షమే. కానీ మేపుల్ దగ్గర జాగ్రత్త. నీడ సమస్య కాదు, వేళ్లు. మేపుల్ వేళ్లు పైపైనే పాకుతాయి, మీరు గుంట తవ్వి మంచి మట్టి, కంపోస్ట్ వేస్తే రెండేళ్లలో అవే వచ్చి ఆక్రమిస్తాయి. హోస్టా ఏటేటా చిన్నదైపోతుంటే చాలామంది రకం మంచిది కాదనుకుంటారు, నిజానికి నీళ్లు చాలక. వారానికి ఒక అంగుళం నీళ్లు అందేలా చూడండి, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. కాండం నుంచి వీలైనంత దూరంగా పెట్టండి. చెట్టుకు మరీ దగ్గరలో అయితే పెద్ద కుండీల్లో పెట్టి పైన ఉంచడమే నయం.

కొనేటప్పుడు ఇంకొక్కటి చూడాలి. ఈ చర్చలో ఇప్పటిదాకా ఎవరూ ఎత్తలేదు. హోస్టా వైరస్ ఎక్స్.

1996లో మిన్నెసోటా యూనివర్సిటీలో బెన్ లాక్‌హార్ట్ దీన్ని గుర్తించారు. మందు లేదు. మొక్క వెంటనే చావదు, అదే అసలు టెన్షన్. ఏళ్ల తరబడి బతికి పక్కవాటికి అంటిస్తుంది. పురుగుల వల్ల కాదు, రసం వల్ల అంటుతుంది. అంటే మన కత్తెర, కత్తి, పార వల్ల. పసుపు ఆకు రకాల్లో ఈనెల వెంబడి పచ్చ రంగు సిరా కారినట్టు పాకుతుంది, ఆ చోట ఆకు ముడతపడి ఉబ్బుతుంది. ఒకప్పుడు చవగ్గా వచ్చిన గోల్డ్ స్టాండర్డ్, సమ్ అండ్ సబ్‌స్టెన్స్, స్ట్రిప్‌టీజ్ మొక్కల్లో ఇది బాగా కనిపించింది. కొందరు దాన్నే కొత్త రకం అనుకుని పేర్లు పెట్టి అమ్మారు కూడా.

నేను ఖరీదైనవి కొనడానికి సగం కారణం ఇదే. పరీక్ష చేసి అమ్మే నర్సరీ దగ్గర కొంటాను.


చలిదేశపు_రైతు

నీలాకు గారి మాట కొట్టిపారెయ్యకండి. కానీ ధర ఎక్కువైతే వైరస్ ఉండదని ఎవరూ అనుకోకూడదు. గోల్డ్ స్టాండర్డ్ చెడ్డ రకం కాదు, ఆ కాలంలో బయటికొచ్చిన మొక్కల్లో చాలావాటికి రోగం ఉంది, అంతే. కొనేటప్పుడు ఆకు వెలుతురుకు పెట్టి చూడండి. మచ్చలు, ముడతలు కనిపిస్తే ఎంత చవకైనా వద్దు. కొన్నాక మొదటి ఏడాది పాత మొక్కలకు దూరంగా ఉంచండి, కొన్నిసార్లు లక్షణాలు బయటపడటానికి ఏళ్లు కూడా పడుతుంది. ఒక మొక్క కోశాక ఇంకో మొక్క ముట్టుకునే ముందు కత్తి కడిగి, ఒక వంతు బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి అందులో ముంచాలి. ఇంటి బ్లీచ్ చాలు.


అన్నపూర్ణ_అట్లాంటా (జోన్ 8)

మీరంతా చలి ఊళ్ల వాళ్లు, దక్షిణం వాళ్లం మేమూ ఉన్నాం. ఇక్కడ నీలం రకాలు జూలై కల్లా వాడిపోయి ఉంటాయి. నేను చెప్పేది ప్లాంటజీనియా సంతానం గురించి. ప్లాంటజీనియా చైనా మొక్క, వేడి తట్టుకుంటుంది, తెల్లటి పెద్ద పువ్వు, సాయంత్రం విచ్చుకుంటుంది, మంచి వాసన. హోస్టాకు వాసన ఏమిటని నవ్వేవాళ్లను ఆగస్టు సాయంత్రం మా వరండాలో కూర్చోబెడతాను.

దాని పిల్లల్లో రాయల్ స్టాండర్డ్ నాకు బాగా నచ్చింది. 1965లో పేటెంట్ తీసుకున్న రకం. ఒట్టి పచ్చ ఆకు, రంగుల అంచులేమీ లేవు, అందుకే ఎవరూ ఫోటో పెట్టరు. నీళ్లు సరిగ్గా పోస్తే కొంచెం ఎండ కూడా ఓర్చుకుంటుంది. గ్వాకమోలే కూడా ఇదే కుటుంబం, వాసన ఉంది, త్వరగా పెరుగుతుంది.

ఇక్కడి వేడికి వచ్చే రోగం ఒకటి ఉంది. కాడలు మొదట్లో కుళ్లి, పట్టుకుంటే చేతిలోకి వచ్చేస్తాయి. మట్టి దగ్గర తెల్లటి దారాలు, ఆవగింజల్లాంటి గోధుమరంగు ఉండలు కనిపిస్తాయి. మల్చ్ (మట్టి మీద కప్పే చెక్కపొట్టు, ఎండాకు) కాడల్లోకి తోసి పొయ్యకండి, మొదలు చుట్టూ రెండు మూడు అంగుళాలు ఖాళీ వదలండి.

మా అమ్మ తెనాలి నుంచి వచ్చినప్పుడు ఇవన్నీ చూసి, "కూరకూ కాదు, పూజకూ కాదు, దీనికి ఇన్ని నీళ్లా?" అంది. పువ్వు వాసన చూశాక పూజకు ఒప్పుకుంది.


గుంటూరు_ఘాటు

అన్నపూర్ణక్కా, అమ్మకు చెప్పండి, కూరకు కూడా అవుతుంది. జపాన్‌లో లేత మొలకలను ఉరుయ్ అని కూరగాయల దుకాణంలో అమ్ముతారు. ఉడికించి మిసోతో తింటారు, టెంపురా వేస్తారు. నేను మా పెరట్లోవి నాలుగు కోసి పెసరపప్పులో వేశాను. బచ్చలికి, ఆస్పరాగస్‌కు మధ్యలో ఉంది. బాగానే ఉంది, గోంగూర కాదు. మందులు కొట్టిన మొక్కలవి తినకండి, నర్సరీ నుంచి తెచ్చినవి అసలే వద్దు.


డాబాతోట_హైదరాబాద్

అందరి పోస్టులూ చదువుతుంటే నోరూరుతోంది. మా చెల్లెలు డిసెంబర్‌లో డల్లాస్ నుంచి వస్తోంది, రెండు దుంపలు సూట్‌కేస్‌లో తెమ్మంటే ఇక్కడ బతుకుతాయా? మా డాబా మీద తూర్పు వైపు నీడ ఉంది.


చలిదేశపు_రైతు

వద్దండీ, రెండు కారణాలు. హోస్టా జపాన్, కొరియా, చైనా చలికి అలవాటుపడిన మొక్క. ఏటా కొన్ని వారాలపాటు బాగా చల్లటి నిద్ర కావాలి, సుమారు 4 డిగ్రీల సెల్సియస్ కంటే కింద. హైదరాబాద్ జనవరి చాలదు. మొదటి ఏడాది మొలుస్తుంది, ఆ తరవాత ఏటేటా సన్నబడి పోతుంది. రెండోది, దిగుమతి పర్మిట్, ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (మొక్కకు రోగాలు, పురుగులు లేవనే పత్రం) లేకుండా మొక్కలు భారత్‌కు తీసుకురావడం నేరం, ఎయిర్‌పోర్టులో చెల్లెల్ని ఇబ్బంది పెట్టకండి.

మీ నీడకు కలేడియం పెట్టండి. అది కూడా చలికాలంలో ఆకు రాల్చి, వేసవి వానలకు మళ్లీ లేస్తుంది. ఆకుల రంగుల విషయంలో మా హోస్టాలు దాని ముందు చాలవు.


డాబాతోట_హైదరాబాద్

ఓహో, కలేడియం కడియం నర్సరీల్లో దొరుకుతుంది కదా. థ్యాంక్స్ అండీ, చెల్లెలితో చాక్లెట్లే తెమ్మంటాను.


కొత్తఇల్లు_పిట్స్‌బర్గ్

లిస్టు చింపేశాను. ఫ్రాన్సీ ఏడు, మధ్యలో ఒక సమ్ అండ్ సబ్‌స్టెన్స్, ముందు గోల్డెన్ టియారా. ఇంకో సందేహం. మా పక్కింటావిడ తన పెద్ద మొక్కను విడదీసి ఇస్తానంటోంది. ఇప్పుడు జూలై. తీసుకోవచ్చా?


వెల్లుల్లి_వదిన

తీసుకోండి, ఇప్పుడు కాదు. ఎండలు తగ్గాక, సెప్టెంబర్‌లో. లేదంటే వసంతంలో మొలకలు రెండు మూడు అంగుళాలు లేచినప్పుడు, ఆకు విచ్చకముందు. అప్పుడైతే ఎక్కడ కోస్తున్నామో కనిపిస్తుంది. మొత్తం తవ్వి తీసి, మట్టి దులిపి, ఒక్కో ముక్కకు మూడు నాలుగు మొలకలు, వాటి వేళ్లు ఉండేలా కోయాలి. పక్కింటావిడది హాల్సియన్ అయితే రెండో ముక్క కూడా అడగండి!

అసలు విడదీయాల్సిన అవసరం హోస్టాకు ఉండదు. నడుమ ఖాళీ అయిపోతేనో, ఎవరికైనా ఇవ్వాలనిపిస్తేనో చెయ్యాలి. ఎలిగాన్స్ లాంటి పెద్ద నీలాలు కదిపితే అలుగుతాయి, వాటి జోలికి పోవద్దు.


నీలాకు

కోసే ముందు పక్కింటావిడ మొక్క ఆకులు ఒకసారి చూడండి, వైరస్ గురించి చెప్పింది గుర్తుంది కదా. శుభ్రంగా ఉంటే స్టోర్‌లో కొనే దానికంటే అదే నయం. మీ ఊరి చలి, మట్టి అలవాటైన మొక్క.

ఎన్‌జె గారూ, నా దగ్గర ఫ్రాన్సీ ఒక్కటీ లేదు. పేట్రియాట్ ఉంది, అది దాని స్పోర్టే, అంచు ఇంకా వెడల్పు. సెప్టెంబర్‌లో ఎడిసన్ వస్తున్నాను, మీరు విడదీస్తే ఒక ముక్క పట్టుకెళ్తాను. బదులు ఏం కావాలో అడగండి, అరవై డాలర్లదైనా ఇస్తాను.


పెరటితోట_ఎన్‌జె

తప్పకుండా రండి. ఫ్రాన్సీ మీకు ఎన్ని ముక్కలు కావాలంటే అన్ని. బదులు మీ దగ్గర ఉన్న జూన్ మొక్కలో ఒక పిలక ఇవ్వండి, చాలు. బకెట్ నేను ఇస్తాను, కత్తి మాత్రం నాదే వాడదాం, బ్లీచ్‌లో ముంచి పెడతాను.

కొత్తఇల్లు గారూ, ఫ్రాన్సీ మొక్కకూ మొక్కకూ మధ్య మూడడుగులు వదలండి. మొదటి రెండేళ్లు ఖాళీగా కనిపిస్తుంది, అక్కడ ఇంకో మొక్క దూర్చకండి.